చిలీతో దొన్ కసిమీరో పోటీ

మా దొన్ కసిమీరోకి, అంటే మా కసిమీరోగారికి, ఏ వస్తువూ ఒంటరిగా కనిపించదు. పక్కన చిలీవాళ్ల వస్తువు నిలబెట్టి, దాన్ని ఓడిస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు.

పెరూ రాజధాని లీమాలో మా ఆఫీసు పని ఆయన కోసమే పుట్టినట్టుండేది. పెరూ, చిలీ ప్రభుత్వాల స్వల్పకాలిక బాండ్లు విదేశీయుల చేతుల్లో ఏపాటి ఉన్నాయో పోల్చి పట్టిక వేయడం మా పని. ఏడాదిలోపు తీరిపోయే బాండ్లు కొన్న విదేశీయుడంటే ఆయన లెక్కలో చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చున్న చుట్టం. "గాలి కాస్త మారితే లేచిపోతాడయ్యా. అలాంటివాళ్లు ఎవరింట్లో ఎక్కువుంటే వాళ్లకే ముప్పు," అనేవాడు. ఆ చుట్టాలు చిలీలో ఎక్కువని తేలితే ఆ రోజు అందరికీ ఆయన డబ్బుల్తో కాఫీ. మా దగ్గర ఎక్కువని తేలితే కంప్యూటర్‌కి తిట్లు.

అక్కడితో ఆగితే బాగుండు. చలికాలమంతా లీమాని వదలని మబ్బును నేనోసారి విసుక్కున్నాను. "మబ్బంటే ఇదీ! చిలీ మబ్బుకి ఇంత ఓపికుందా?" అని నా మీదికే వచ్చాడు. పళ్ల డాక్టరు పన్ను పీకితే, నోట్లో దూది ఉండగానే, "చిలీలో అయితే మంచి పన్ను కూడా పీకేసేవాడు," అన్నాడట.

అలాంటాయన ఎదురు బల్ల దగ్గరికే చిలీ నుంచి యాస్నా అనే అమ్మాయి వచ్చి చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"చేప ముక్కలకి నిమ్మరసం పట్టించడం మీవాళ్లకి తెలుసా అమ్మాయ్?"

"తెలుసు దొన్ కసిమీరో. మీవాళ్లకి పిండడం ఆపడమే తెలీదు."

రోజూ ఇదే రభస. కొత్త ఊళ్లో బిక్కుబిక్కుమంటూ వచ్చిన పిల్ల నవ్వడం మొదలుపెట్టింది ఈ రభసలోనే.

ఒకరోజు పదకొండింటికి పత్రికలవాళ్లు పట్టిక కోసం వస్తామన్నారు. చుట్టాలు చిలీలోనే రెట్టింపని తేలింది. కసిమీరో కాఫీలు చెప్పేశాడు. అంతలో యాస్నా ముఖం పాలిపోయింది.

"కొంప మునిగింది దొన్ కసిమీరో! మీ బాండ్లేమో జారీ చేసిననాటి గడువు చూసి లెక్కేశాను. మావేమో ఇంకా మిగిలిన గడువు చూసి. పదేళ్ల బాండు ఆఖరి నెలల్లో ఉంటే మావైపు లెక్కకొచ్చింది, మీవైపు రాలేదు."

"సరిచేస్తే?"

"మీరే ఓడిపోతారు. కానీ గంట పడుతుంది. ఇలా అచ్చయినా, మేడంకి తెలిసినా, నన్ను ఇవాళే ఇంటికి పంపేస్తారు."

అప్పుడే మా డైరెక్టరు ఎర్మెలిందా మేడం లోపలికొచ్చింది. ఆవిడ సొంతూరు ఇకా. తాతలనాటి నుంచి ద్రాక్షతోటలు పెంచి, ఆ ద్రాక్షతో పిస్కో సారా కాచిన వంశం. ఆ సారా మాదంటే మాదని పెరూకీ చిలీకీ పాత తగువు.

"పట్టిక ఏదీ?"

కసిమీరో లేచి గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్లనుంచో చెబుదామనుకుంటున్నా మేడమ్. పిస్కో మాత్రం చిలీదే బాగుంటుంది."



"ఏమన్నావ్?"

"మనవాళ్లే వాళ్లని చూసి నేర్చుకున్నారేమోనని కూడా..."

"నోర్ముయ్! కూర్చో అక్కడ!"

మేడం మొదలుపెట్టింది. పత్రికలవాళ్లు రాగానే "మీరూ వినండి!" అని వాళ్లనీ కూర్చోబెట్టింది. ద్రాక్ష రకాలు, రాగి బట్టీలు, ముత్తవ్వ పనితనం, అన్నీ వచ్చాయి. ఆవిడ చల్లబడినప్పుడల్లా కసిమీరో చెమటలు తుడుచుకుంటూ "అయినా మేడమ్..." అని ఎగదోసేవాడు. ఆవిడ గొంతు పూర్తిగా బొంగురుపోయాక యాస్నా సరైన పట్టిక పట్టుకొచ్చింది. చిలీ గెలిచింది. మేడంకి మాట పెగలక, ఆ పిల్లనే చదవమని సైగ చేసింది.

అందరూ వెళ్లాక యాస్నా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. "ఆ మాట మీ నోట ఎలా వచ్చింది?"

"చిలీ గెలిస్తే నాకు ఒక్కపూట అన్నం సహించదు తల్లీ. నువ్వు వెళ్లిపోతే ఏ పూటా సహించదు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. అది చూసి కసిమీరో కంగారుపడి నావైపు తిరిగాడు.

"చూశావా? ఏడవడం కూడా సరిగా రాదు వీళ్లకి," అంటూ తనే ముక్కు చీదుకున్నాడు.