కొసరు కేసు

మా అత్త కూరగాయలు కొనడం చూడాలంటే బోలెడు తీరిక కావాలి. బేరం ఒక ఎత్తు, బేరం ముగిశాక కొసరు ఒక ఎత్తు. తోపుడు బండివాడు టమాటాలు తూచి సంచిలో పోసి, డబ్బు జేబులో వేసుకుని, ఇక కదలొచ్చు అనుకునే సమయానికి ఈవిడ సంచి మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడేది. నోరు విప్పి అడిగేది కాదు. నిలబడేది, అంతే. వాడు గొణుక్కుంటూ రెండు కరివేపాకు రెబ్బలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో పడేశాక అప్పుడు సంచి మూసేది. అడిగి పుచ్చుకుంటే అది కొసరు కాదు, ముష్టి అని ఆవిడ సిద్ధాంతం. కొసరు రాని బేరం ఆవిడ లెక్కలో పూర్తికాని బేరం.

నేను అనంతపురం వైపు నుంచి బొమ్మనహళ్ళికి కోడలిగా వచ్చాను. అత్తవాళ్ళు ఏ కాలంలోనో బెంగళూరు చేరినవాళ్ళు. మాట్లాడేది తెలుగు, తిట్టేది కన్నడం. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. నా భర్త, నేను పొద్దున్నే ఉద్యోగాలకు పరిగెత్తేవాళ్ళం. నాది ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో లెక్కలు చూసే పని. ఇక మా వీధికి పెద్ద దిక్కు అత్తే. ఎవరు ఊరెళ్ళినా ఇంటి తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. మా ముందుగది గోడకు వరసగా మేకులు కొట్టి ఉండేవి, ఇంటికొకటి. కొడుకు ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "ఏదో చేస్తా ఉండాడు" అని తేల్చేసే మనిషి, ఆ మేకుల గురించి అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెప్పేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా పక్క రోడ్డులో ఒక సూపర్ మార్కెట్ వెలిసింది. ఏసీ, పాటలు, చక్రాల బుట్టలు. చూడాలని పోరిపోరి ఒక ఆదివారం అత్త నన్ను లాక్కుపోయింది. టమాటాలు, బీన్సు, ఉల్లిగడ్డలు ఏరింది. తూకం దగ్గర అమ్మాయి కవరుకు ముడేసి ధర చీటీ అంటించింది. అత్త సంచి తెరిచి నిలబడింది. ఆ అమ్మాయి "నెక్స్ట్" అంది. బిల్లు కట్టేచోట మళ్ళీ తెరిచి నిలబడింది. అక్కడి కుర్రాడు బిల్లు చించి చేతిలో పెట్టి "థాంక్యూ" అన్నాడు.

"ఇంత పెద్ద అంగడి కట్టినారు, కొసరిచ్చే మనిషిని పెట్టలేదే!" అంది అత్త.

నేను చిల్లర సర్దుకుని తలెత్తేసరికి ఆవిడ పక్కన లేదు. తాపీగా కూరగాయల అరల దగ్గరికి వెళ్ళి ఒక కొత్తిమీర కట్ట, రెండు రెబ్బల కరివేపాకు, గుప్పెడు మిరపకాయలు తీసి అందరికీ కనబడేలా సంచి మీద పేర్చుకుంటోంది. పాపం, ఇచ్చేవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళ పని కూడా తనే చేసింది. అంతే దర్జాగా నడిచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

గార్డు బిల్లు చూశాడు, సంచి చూశాడు. "ఇదక్కె బిల్లు ఎల్లమ్మా?" అన్నాడు కొత్తిమీర చూపిస్తూ, దీని బిల్లేదని.

"దానికి బిల్లేందప్పా? అది కొసరు!" అంది అత్త, వాడి అమాయకత్వానికి నవ్వుతూ.

ఆ నవ్వు మేనేజరు గదిలో ఆగింది. టై కట్టుకున్న పిల్లాడు. అత్తతో కాకుండా నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు, ఆవిడ కూడా బల్ల మీద పెట్టిన సరుకేమో అన్నట్టు. ఇది దొంగతనం కిందికి వస్తుందట. తప్పు ఒప్పుకుంటూ సంతకం చేసి, రెండు వేలు కడితే వదిలేస్తారట. బయట తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అన్న భయంతో పర్సు తెరిచాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఇచ్చినావంటే నేను దొంగనని నువ్వు ఒప్పుకున్నట్ల. మూయి పర్సు."

ఎంత గదమాయించినా సంతకమూ లేదు, డబ్బూ లేదు. చివరికి కొత్తిమీర, కరివేపాకు, మిరపకాయలు వెనక్కి లాక్కుని, అడ్రసు రాసుకుని, నొక్కగానే బొమ్మ బయటికొచ్చే కెమెరా ఒకటి తీశారు. నేను అడ్డం పడబోయాను. ఈవిడేమో కొంగు సర్దుకుని, బొట్టు సరిగా ఉందో లేదో నన్ను అడిగి, కెమెరా కళ్ళలోకి సూటిగా చూసింది. పెళ్ళిళ్ళలో గుంపు వెనక నిలబడటమే తప్ప తనొక్కతే ఏనాడూ ఫోటో దిగలేదట. ఆ మాట ఇంటికొచ్చాక చెప్పింది. అప్పటికింకా ఆ ఫోటో ఎక్కడికి పోతుందో ఆవిడకు తెలియదు.

మర్నాటికల్లా అది ఆ అంగడి గుమ్మంలో, బుట్టలు తీసుకునేచోట, బోర్డుకు గుచ్చి ఉంది. పైన ఎర్ర అక్షరాలతో 'ఇక్కడ దొంగతనం చేసి పట్టుబడినవారు' అని కన్నడంలో, ఇంగ్లీషులో. ఒక పక్క షాంపూ డబ్బా దాచినవాడు, ఇంకో పక్క బ్లేడ్లు జేబులో వేసుకున్నవాడు. మధ్యలో మా అత్త, మామగారు పోయినా మానని నిండు బొట్టుతో.

ఆ వారమే ఎదురింటావిడ తిరుపతి వెళ్ళింది. అన్నేళ్ళుగా ప్రతిసారీ తాళంచెవి మాకిచ్చి వెళ్ళిన మనిషి, ఈసారి తలుపుకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, మా ఇంటివైపు చూడకుండా ఆటో ఎక్కింది. అత్త కిటికీలోంచి చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎదురింటి మేకు వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు నాకు ఎదురింటావిడ మీద, మేనేజరు మీద, చివరికి ఆ కరివేపాకు మీద కూడా కోపం వచ్చింది. అత్తను అలా చూడలేకపోయాను.

తర్వాత ఉత్తరం వచ్చింది. అంగడివాళ్ళ తరఫున వసూళ్ళు చేసే ఏజెన్సీ నుంచి, ఇంగ్లీషులో. సరుకు విలువ పదకొండు రూపాయలు. ఆపైన గార్డు సమయం, మేనేజరు సమయం, నిఘా ఖర్చు, ఇవన్నీ రాసి పంపినందుకు ఉత్తరం ఖర్చు. మొత్తం రెండున్నర వేలు, కట్టకపోతే చట్టప్రకారం చర్య. మా ఆఫీసులో లీగల్ పనులు చూసే ఆయనకు చూపించాను. ఆయన చదివి నవ్వాడు. ఇది కోర్టు ఉత్తర్వు కాదని, వాళ్ళు అడుగుతున్నారంతేనని, తప్పు ఒప్పుకుంటూ దేనిమీదా సంతకం చేయకుంటే చాలని చెప్పాడు. ఇంటికి వచ్చి అదే చెప్పాను.

"భయం లేదత్తా. ఇది ఉత్త అడగడమే అంట."

అత్త చటుక్కున లేచి కూర్చుంది. "అడగడమేనా? అంటే బేరమాడచ్చు!"

ఆ ఆదివారమే ఏజెన్సీ మనిషి ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. నడివయసువాడు. అత్త చాప వేసి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఊరడిగింది. మదనపల్లె పక్కనట. అప్పటిదాకా బిగదీసి మాట్లాడిన కన్నడం వదిలేసి తెలుగులోకి దిగాడు.

"రెండున్నర వేలు కట్టేయమ్మా, పీడా పోతాది."

"కొత్తిమీరకి రెండున్నర వేలా? యాడి బేరమప్పా ఇది? వాడిపోయిన కట్ట అది."

"కట్టకి కాదమ్మా. గార్డు టైముండాది గదా."

"గార్డుకి అంగడోళ్ళు జీతమిస్తా ఉండారా, లేదా?"

"ఇస్తా ఉండారు."

"మళ్ళ నేనేల ఇయ్యల్ల? కొట్టేయ్ దాన్ని."

అతను నాకేసి చూశాడు. నేను కాఫీ గ్లాసులోకి చూశాను. మేనేజరు సమయం దగ్గర అత్త తన సమయానికి కూలి అడిగింది. ఉత్తరం ఖర్చు దగ్గర "నేను రాయమన్నానా?" అంది. వెయ్యికి దిగాడు, అయిదు వందలన్నాడు. అప్పుడు నాలోని లెక్కలమనిషి ఆగలేక నోరు విప్పింది. "సరుకు కూడా వెనక్కి తీసేసుకున్నారు గదా. పదకొండు రూపాయలు కూడా ఎందుకివ్వాలి?"

అతను పెన్ను కింద పెట్టేశాడు. "నాకొచ్చేది కమీషనమ్మా. ఉత్త చేతుల్తో పొమ్మంటారా?"

ఆ మాటకు అత్త మెత్తబడింది. వంటింట్లోకి వెళ్ళి పదకొండు రూపాయలు తెచ్చింది. "నేను కొనుక్కున్నట్ల రాసుకో. బిల్లియ్యి. దొంగైతే బిల్లు తీసుకోదు గదా?"

అతను నవ్వు ఆపుకోలేక పోయాడు. కూరగాయలకు పదకొండు రూపాయలు ముట్టాయని, ఈ వ్యవహారం ఇంతటితో ముగిసిందని రాసి, ముద్ర వేసి ఇచ్చి లేచాడు. లేచాడు గానీ వెళ్ళలేకపోయాడు. గుమ్మానికి అడ్డంగా మా అత్త నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి, మూతి తెరిచి.

"ఇంగేందమ్మా?" అన్నాడు.

అత్త మాట్లాడలేదు. ఆవిడ అడగదని నాకు తెలుసు కాబట్టి నేనే అన్నాను, "బోర్డు మీద ఫోటో."

"అది అంగడోళ్ళదమ్మా, నా చేతిలో లేదు." అత్త కదల్లేదు. అతను సంచిలోకి చూశాడు, ఆవిడ మొహంలోకి చూశాడు. తల గోక్కున్నాడు. "మా యమ్మ కూడా సంతలో ఇట్లనే నిలబడతాది," అని గొణిగి, పక్కనుంచి ఒదిగి బయటపడి బండి తీశాడు.

ఇక రాడనుకున్నాను. అత్త మాత్రం సంచి మడవకుండా గుమ్మంలోనే కూర్చుంది. మధ్యాహ్నానికి వచ్చాడు. బండి దిగకుండానే జేబులోంచి ఆ ఫోటో తీసి సంచిలో వేశాడు, నాలుగు మూలలా గుండుసూది చిల్లులతో. దానితోపాటు ఒక కొత్తిమీర కట్ట కూడా వేశాడు. దానికి బిల్లుందా అని మేం అడగలేదు.

ఆ ఫోటోను పొయ్యిలో పడేస్తుందనుకున్నాను. ఆవిడ దాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుని, "బాగనే ఉండాను గదా?" అని నన్నడిగి, తీసుకెళ్ళి ఎదురింటి మేకుకు తగిలించింది. తీసేయమని నా భర్త ఎంత మొత్తుకున్నా వినలేదు.

తర్వాత కొంతకాలానికి ఎదురింటావిడ కూతురి పురుటికి దొడ్డబళ్ళాపురం బయల్దేరింది. పెట్టె గుమ్మంలో పెట్టి, తాళంచెవి పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. ఎక్కడ తగిలించాలా అని గోడ వైపు చూసి, తన మేకు మీద ఆ ఫోటో చూసి ఆగిపోయింది. అంగడిలో తను చూసిన ఫోటోనే.

అత్త చెయ్యి చాపింది. ఎదురింటావిడ అందులో తాళంచెవి పెట్టింది. అత్త చెయ్యి మూయలేదు, అలాగే చాపి నిలబడింది. బయట ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఎదురింటావిడ తాళంచెవి వైపు, ఫోటో వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ పొద్దు ఇయ్యకుండా పోయినానక్కా. తప్పయిపోయింది," అంది.

అప్పుడు మా అత్త చెయ్యి మూసింది. ఫోటో తీసి పక్కన పెట్టి, తాళంచెవిని దాని మేకుకు తగిలించింది.