తేనెటీగలకు చెప్పిన మాట

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో ఆ మాటకే చోటు లేదు. పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో పని. భయపడడానికి తీరిక ఉండేది కాదు. చిన్నప్పుడు కాలు బాగాలేక నేను బడికి వెళ్ళలేదు. అమ్మే పలక ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పింది, లేసు అల్లిక కూడా ఆవిడే నేర్పింది. ఆ రెండే ఈరోజుకీ నన్ను నిలబెడుతున్నాయి, దేవునికి స్తోత్రం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమెకు ఇలాంటివి మామూలేమో అని ఎవరూ అనుకోకూడదని. నా జీవితంలో జరిగింది ఇదొక్కటే.

మాది నరసాపురం వైపు. పెళ్ళయి హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. శ్రీనగర్ కాలనీలో ఇంటి దగ్గరే కుట్టుపని చేసుకుంటూ, సినిమా కాస్ట్యూమ్స్ వాళ్ళు పిలిస్తే వెళ్తుంటాను. రెండేళ్ళ కిందట ఫిల్మ్ నగర్‌లో ఒక వెబ్ సిరీస్‌కి పిలిచారు. గోదావరి జిల్లాకు వచ్చి ఆడవాళ్ళకు లేసు పని నేర్పిన ఒక దొరసాని కథ. ఆమె చిన్నతనం గడిచింది విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు పల్లెటూళ్ళో. అంత దూరం వెళ్ళి తీసే స్తోమత లేక, స్టూడియో వెనక ఖాళీ స్థలంలోనే ఆ ఊరు కట్టారు.

ప్లైవుడ్‌తో చర్చి, దాని పక్కన కమ్మరి కొలిమి, చెప్పులు కుట్టేవాడి కొట్టు, గడ్డి కప్పిన నాలుగైదు ఇళ్ళు, ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లే వసారా. మొదటిరోజు ఆ వసారాలో నిలబడితే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి ఏదో ఊరినించే కదా ఈ పని సముద్రం దాటి మా అమ్మ చేతుల్లోకి వచ్చింది అనిపించింది.

ఆ ఊరి ఇళ్ళ పెరట్లో తేనెగూళ్ళుండేవట. మన పెట్టెల్లాంటివి కావు. ఇక్కడ దొరికే వరిగడ్డినే లావు తాడులా పేని, వెదురు బద్దతో బిగించుకుంటూ, గుండ్రంగా పైకి చుట్టుకుపోవాలి. ఆ పని ఎల్లయ్యకు అప్పగించారు. ఆయనది మేదరి వృత్తి. ఫిల్మ్ నగర్ కింద బస్తీలో ఉంటాడు. సెట్లకు తట్టలూ బుట్టలూ అల్లి ఇవ్వడం ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాడు. వయసు అరవై అయిదు పైనే. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

గూటి బొమ్మ చూపించగానే ఆయన అన్న మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"గిదేంది, కోళ్ళ గంప కాదా? దొరలు గీంట్ల ఈగల్ని కమ్ముకుంటరా?"

అయినా ఆరు గూళ్ళూ ఎంత నేర్పుగా అల్లాడంటే, ఎక్కడా ఒక్క గడ్డిపోచ బయటికి రాలేదు. వాటిని వసారా ఎదురుగా ఒక చెక్క బల్ల మీద వరసగా పెట్టారు. అవి ఉత్త బొమ్మలే. కానీ వారం తిరక్కుండా చివరి గూట్లోకి నిజమైన తేనెటీగలు వచ్చి చేరాయి. చుట్టుపక్కల బండల సందుల్లోంచి వచ్చి ఉంటాయి. అందులో వింతేమీ లేదు. ప్రొడక్షన్ వాళ్ళు మందు కొట్టించేద్దామన్నారు. ఎల్లయ్య ఒప్పుకోలేదు. డైరెక్టర్ గారికి కూడా నిజం ఈగలు కనిపించడం నచ్చి, వాటిని వదిలేశారు.

అసిస్టెంట్ డైరెక్టర్ శ్రావ్య అని ఒకమ్మాయి, చలాకీ పిల్ల. ఆ గూళ్ళతో తీయబోయే సీను ఒకరోజు మాకు చదివి వినిపించింది. ఇంటి యజమాని చనిపోతాడు. అతని భార్య ఇంటి తాళంచెవి పట్టుకుని గూళ్ళ దగ్గరికి వెళ్తుంది. బల్ల మీద మూడుసార్లు తట్టి, యజమాని పోయాడని పేరు పెట్టి చెప్పి, ఇల్లు విడిచి వెళ్ళిపోవద్దంటుంది. గూటికి నల్లగుడ్డ కడుతుంది. ఇంట్లో చావు సంగతి చెప్పకపోతే తేనెటీగలు అలిగి వెళ్ళిపోతాయనో, చచ్చిపోతాయనో ఆ పల్లెల్లో గట్టి నమ్మకమట.

ఎల్లయ్య అంతా విని గడ్డం గోక్కున్నాడు. "చావొక్కటే చెప్తరా? మంచి ముచ్చట్లు చెప్పరా పాపం?" అన్నాడు.

మర్నాటినుంచి రోజూ పొద్దున రాగానే ఆ చివరి గూటి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఇంట్లో సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఇయ్యాల బెండకాయ కూర అనీ, రాత్రి కరెంటు పోయిందనీ. ఒకసారి ఆయన భార్య పోచమ్మ ఏదో పనిమీద వచ్చి అది చూసింది.

"ఇంట్ల నాతోని రెండు మాటలు మాట్లాడడు ఈ ముసలోడు. గీడ పురుగులతోని ముచ్చట వెట్టిండు!"

"అవి నీ లెక్క మధ్యల అడ్డం రావు," అన్నాడు ఎల్లయ్య. అందరం నవ్వాం.

ఆ సీను తీసే రోజు పొద్దున నేను గూళ్ళకు కట్టాల్సిన నల్లగుడ్డలు పట్టుకుని వెళ్ళాను. లైట్లు సరిచూసుకోవడానికి హీరోయిన్ బదులు ఒకమ్మాయి నిలబడాలి. ఆమె రాలేదు. నా ఎత్తు సరిపోతుందని శ్రావ్య నన్ను నిలబెట్టింది.

"కరుణక్కా, ప్లీజ్, పది నిమిషాలు. తాళంచెవితో తట్టండి, డైలాగ్ చెప్పండి. అంతే."

యజమాని పేరు ఏదో ఇంగ్లీషు పేరు. నాకు నోరు తిరగలేదు. "ఏదో ఒక పేరు అనేయండక్కా, సౌండ్ ఎలాగూ తీసుకోవట్లేదు," అంది.

రెండుసార్లు పేరు లేకుండానే చెప్పాను. లైట్లు జరిపారు. ఆ రెండుసార్లూ నేను బల్ల మీద తట్టినా గూట్లో ఈగలు తమ పాటికి రొద చేస్తూనే ఉన్నాయి. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. తట్టితే తేనెటీగలు కాసేపు సద్దుమణుగుతాయని తర్వాత ఒకాయన నాతో అన్నారు. కానీ ముందు రెండుసార్లు సద్దుమణగలేదు.

మూడోసారి పేరు కూడా చెప్పమంది. తట్టాను. నోట్లోంచి ఏం వస్తుందో నేను ఆలోచించలేదు.

"మీ యజమాని ఎల్లయ్య పోయాడు. వెళ్ళిపోకండి. ఈ ఇంటిని అంటిపెట్టుకునే ఉండండి."

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆ గూళ్ళను సెట్లో అందరూ ఎల్లయ్య గూళ్ళనే అంటారు, అలా వచ్చేసి ఉంటుంది. శ్రావ్య నవ్వింది. లైట్లు చూసే యాదగిరి పైనుంచి, "తాత విన్నడంటే గా తాళంచెవి గుంజుకొని నిన్నే కొడ్తడక్కా!" అన్నాడు. ఆ నవ్వులోనే అతను ఉన్నట్టుండి ఆగిపోయి, "ఏందిది, ఏదన్న బంద్ అయిందా?" అని చుట్టూ చూశాడు.

ఏదీ బంద్ కాలేదు. జనరేటర్ వ్యాను నడుస్తూనే ఉంది. ఆగిపోయింది గూట్లో రొద. పూర్తిగా. వంగి చూశాను. గూటి నోట్లో ఈగలు కనిపిస్తున్నాయి, బతికే ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

సమయం పదకొండు అయి ఉంటుంది. మంచి ఎండ. "తప్పు చెప్పాను, ఎల్లయ్య పోలేదు," అని గూటితో అన్నాను. ఎవరు నవ్వినా సరేననుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గూడూ పలకలేదు.

అప్పుడు అడిగాను, ఇవాళ ఎల్లయ్యను ఎవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదు. ఆయన పని అయిపోయింది, ఇంటి దగ్గర ఉంటాడులే అన్నారు. శ్రావ్య ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. పోచమ్మకు చేస్తే, ఏడింటికే అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరాడంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే లోపలికి వచ్చాడన్నాడు, బయటికి వెళ్ళడం చూడలేదన్నాడు.

శ్రావ్య మొహం మారిపోయింది. షూటింగ్ ఆలస్యమవుతుందని తెలిసినా, "అందరూ వెతకండి," అంది. ఆ అమ్మాయికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

చర్చి సెట్ వెనక, ఇంకా చాలా అవతల, మిగిలిన గడ్డీ వెదురూ వేసిన రేకుల షెడ్డుంది. బయట గడియ పెట్టి ఉంది. గడియ పెట్టి ఉంటే లోపల మనిషి ఎలా ఉంటాడని యాదగిరి వెనక్కి తిరిగాడు. నేను తీసి చూడమన్నాను. గడ్డిమోపుల వెనక నేల మీద ఎల్లయ్య పడి ఉన్నాడు. మూతి ఒకపక్కకు లాగేసింది. చేయీ కాలూ ఆడడం లేదు. ఊపిరి ఉందో లేదో నాకు తెలియలేదు. ఆయన లోపలున్నాడని చూసుకోకుండా ఎవరో తలుపు వేసి పోయారు. ఇక రెండు రోజులదాకా ఆ షెడ్డుతో ఎవరికీ పని లేదు.

స్టూడియో వ్యానులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేకపోయాను, అక్కడే గడ్డి మీద మోకరించాను. లేచి వసారా దగ్గరికి వచ్చేసరికి గూడు మళ్ళీ మామూలుగా రొద చేస్తోంది. ఎప్పుడు మొదలైందని యాదగిరిని అడిగాను. తనూ షెడ్డు దగ్గరే ఉన్నాడు కదా, తెలియదన్నాడు.

పక్షవాతం అన్నారు. ఆ రోజు సాయంత్రందాకా అలాగే పడి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు పోచమ్మతో చెప్పారట. పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆ పదిహేను రోజులూ మా ఇంట్లో ప్రతి పూటా ఆయన పేరు చెప్పి ప్రార్థన చేశాం.

నేను అన్న మాట సంగతి పోచమ్మకు చెప్పవద్దని శ్రావ్యనూ యాదగిరినీ బతిమాలుకున్నాను. బతికున్న మనిషిని పోయాడన్నాను, ఏ మొహం పెట్టుకుని చెప్పుకోను? ఇద్దరూ ఒట్టు పెట్టారు. వాళ్ళు చెప్పలేదనే నేను నమ్ముతున్నాను.

నెల దాటాక ఆయన్ను చూడడానికి బస్తీలో వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది గానీ అర్థమవుతోంది. నన్ను చూడగానే కుడిచేయి ఎత్తాడు.

"బిడ్డా, నువ్వు గాడ అన్నది నేను విన్న."

ఏం విన్నావు బాబాయ్ అన్నాను.

"కింద వడ్డంక అంత చీకటే. నోరు లేస్తలేదు. గప్పుడు నా చెవి పక్కనే మూడుమాట్ల తట్టిన్రు. ఎల్లయ్య పోయిండు అన్నవు. నేను పోలే, ఉన్న, ఉన్న అని మొత్తుకుంటున్న, ఎవ్వరికి వినవడ్తలేదు. మల్ల నువ్వే అన్నవు, వెళ్ళిపోకండి, ఇంటినే అంటిపెట్టుకోండి అని." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు పోకు అన్నవు గద బిడ్డా. గందుకే పోలే."

పోచమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. "లేచిన కాణ్ణుంచి గిదే చెప్తుండు. ఏం మాటనో నాకైతే సమజ్ కాలే. నీకేమన్న ఎరుకనా బిడ్డా?" అంది. ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఆ సెట్ తీసేసేలోపు ఒకరోజు గూళ్ళ బల్ల దగ్గరనుంచి షెడ్డుదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. రెండు వందల పైచిలుకు. మధ్యలో చర్చి గోడ, కొలిమి, జనరేటర్ వ్యాను ఉన్నాయి. నేను చెప్పింది మామూలు గొంతుతో. బల్ల పక్కనున్న శ్రావ్యకూ, పైనున్న యాదగిరికీ తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

పడిపోయినప్పుడు మెదడు ఏవేవో వినిపించేలా చేస్తుందని డాక్టర్లంటారు. కావచ్చు. కానీ నేనన్న మాటలే ఎందుకు వినిపించాయో ఎవరూ చెప్పలేదు. ఈగలు ఎందుకు ఆగాయో చెప్పలేదు. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని పేర్లుండగా, ఆ ఒక్క పేరే నా నోటికి ఎందుకు వచ్చిందో నాకే తెలియదు.

ఎల్లయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆయన కోసం రోజూ ప్రార్థనలో కూర్చుంటాను. బతికున్న మనిషికి చావు పలికిన మాట అది, క్షమించు తండ్రీ అని మొదలుపెడతాను. ఆ మాటే లేకపోతే ఆ తలుపు ఎవరూ తీసేవాళ్ళు కాదని గుర్తొస్తుంది. అక్కడ ఆగిపోతాను. క్షమాపణ అడగాలో, కృతజ్ఞత చెప్పాలో తేలక, రెండూ చెప్పుకుని లేస్తాను.