తిరువూరు ఎర్ర కారు ఆయిలు ఎవరు తాగారు?

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినందుకు నాకు దక్కిన ఫలం ఏమిటంటే, చుట్టాల ఇళ్ళల్లో ఏ యంత్రం మొరాయించినా నన్నే పిలుస్తారు. మిక్సీ అయినా, బోరు మోటారు అయినా, చివరికి గోడ గడియారం అయినా సరే. నాకు స్కూటరు నడపడం కూడా రాదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈసారి పిలుపు తిరువూరు నుంచి. నా భార్య తమ్ముడు రమేష్ మామిడి తోటల మీద బాగా సంపాదించి, హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన ఎర్ర స్పోర్ట్సు కారు కొన్నాడు. అందులో ఇద్దరికే చోటు. ఒక సీటు రమేష్‌ది, రెండోది డ్రైవరు వెంకటేశ్వర్లుది. నెల కిందట కొత్తగా పోయించిన ఇంజన్ ఆయిలు అడుగంటిందట. కింద ఒక్క చుక్క కారలేదు. కాబట్టి డ్రైవరే తీసి అమ్ముకుంటున్నాడని రమేష్ తేల్చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం లోపు వెంకటేశ్వర్లు గుడిలో అరచేత్తో కర్పూరం ఆర్పి, తాను తియ్యలేదని ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే ఉద్యోగం పోతుంది. చేస్తే ఉద్యోగం ఉంటుంది గానీ, దొంగతనం మీద ప్రమాణం చేసినవాడని పేరు మిగులుతుంది. ఆ పేరున్న మనిషిని తిరువూరులో ఇంకెవరూ బండి ఎక్కించరు. "మీరు వెళ్ళి తేల్చండి" అని మా ఆవిడ నా చేతికి సంచి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఆరుంపావుకి విజయవాడలో తిరువూరు బస్సెక్కాను. కుడివైపు కిటికీ సీటు దొరికింది. ఏడున్నరకి మైలవరంలో బస్సు పది నిమిషాలు ఆగితే ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, కాఫీ సంగతి అడక్కండి. అక్కడ నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆడవాళ్ళకి ఉచితం కదా, తన టికెట్టు నాకు చూపించి, "మీరేమో డబ్బులిచ్చి కూడా మొహం అలా పెట్టుకున్నారేంటండి?" అంది.

సంగతి చెప్పాను.

"ఆ ఎర్ర కారా? మాది ఎ.కొండూరేనండి. రోజూ ఆయన తోటకి వస్తాడుగా. అది తిరువూరు దాటిందంటే చాలు, మా గేదె తన్నేసి పాలివ్వదు. నూనె సంగతి తర్వాత, ముందు దాని నోరు ముయ్యమనండి."

ఆ మాట అప్పుడే పట్టుకుని ఉంటే నా శ్రమ చాలా తగ్గేది. నేను నవ్వి ఊరుకున్నాను.

తొమ్మిదింటికి తిరువూరులో దిగాను. రమేష్ ఇంటి పెరట్లో, మామిడికాయలు మాగబెట్టే షెడ్డులో గడ్డి పక్కకి నెట్టి కారు నిలబెట్టారు. ఆయిలు పోసే మూతకి పసుపు దారం ఏడు చుట్లు కట్టి, ముడి మీద లక్కతో సీలు వేశారు. పైన కెమెరా ఒకటి కారు వైపే చూస్తోంది.

"సీలు చెక్కు చెదరలేదు బావగారూ. అయినా ఆయిలు పోయింది. ఎంత తెలివైనవాడో చూడండి!" అన్నాడు రమేష్.

సీలు చెదరకపోతే దొంగతనం ఎలా జరిగిందని అడగాలి కదా, నేను అడగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎండలకి ద్రవాలు ఆవిరవుతాయని పది నిమిషాలు పాఠం చెప్పాను. అంతా అయ్యాక వెంకటేశ్వర్లు వైపు తిరిగి, "నిజం చెప్పు" అన్నాను. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తుడిచే గుడ్డ.

"ఆ నూనె తీసి నేనేం చేసుకుంటానండి సార్, పప్పులో తాలింపు పెట్టుకుంటానా?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

పదింటికి నేనే పంతం పట్టి, ఆయిల్ ఇంజన్లూ ట్రాక్టర్లూ బాగుచేసే మస్తాన్ మేస్త్రిని పిలిపించాను. ఆయన ఇంజను చూసే ముందు, "దీంతో పాటు ఒక పుస్తకం ఇచ్చుండాలే, ఏదండి?" అన్నాడు.

పుస్తకం పూజగదిలో ఉంది. కారుకి పూజ చేయించిన రోజున దానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి పటాల వెనక నిలబెట్టారట. "పూజలో పెట్టింది మళ్ళీ తీసి చదువుతారా ఎవరైనా?" అని రమేష్ ఎదురు ప్రశ్న వేశాడు. నేను కాళ్ళు కడుక్కుని తీసి చదివాను. పేజీలు పసుపుకి అంటుకుపోయి ఉన్నాయి. ఈ ఇంజను నడిచేకొద్దీ కొంత ఆయిలు వాడుకోవడం మామూలేననీ, పెట్రోలు పోయించినప్పుడల్లా మట్టం చూసుకుని తగ్గితే పోసుకోవాలనీ అచ్చు వేసి ఉంది.

"ట్రాక్టర్ నిదానంగా తిరుగుద్దండి," అని మేస్త్రి విడమరిచాడు. "ఇది పరిగెత్తే ఇంజను. వేడికి పిస్టను ఉబ్బుద్దని ముందే కాస్త సందు వదుల్తారు. దాని చుట్టూ ఉండే రింగులు కూడా మరీ బిగించరు, బిగిస్తే వేగం పోద్ది. ఆయిలేమో పల్చన. సిలిండరు గోడకి అంటుకున్న పొర చుట్టు చుట్టుకీ ఇంత మిగిలి, పెట్రోలుతో పాటు కాలిపోద్ది. ఎన్ని చుట్లు తిరిగితే అంత ఖర్చు. కానీ నెలకే అడుగంటిందంటే మరీ ఎక్కువండి. నడిపే తీరు చూసి రండి."

మేస్త్రి సీలు తీసి ఆయిలు పోశాక, పదకొండింటికి వెంకటేశ్వర్లు పక్కన కూర్చుని బయల్దేరాను. కూర్చున్నాను అనడం కన్నా పడుకున్నాను అనాలి. ఎ.కొండూరు రోడ్డెక్కాక కారు అరుస్తూనే ఉంది. ఇంజను చుట్లు చూపే ముల్లు ఎర్రగీత దగ్గర వణుకుతోంది. పక్కన పాలక్యాన్ల మోటారుసైకిలు ఒకటి మమ్మల్ని దాటేసింది.

"గేరు మార్చవేం?" అని అరిచాను.

"మూడో గేరు వెయ్యొద్దన్నారండి అయ్యగారు! వేస్తే చప్పుడు తగ్గిపోద్దంట! కొన్నప్పట్నుంచీ రెండోదేనండి!"

స్పీడు బ్రేకరు దగ్గర కాలు తియ్యగానే వెనక నీలం పొగ గుప్పుమంది. ఆ పొగే మా దొంగ.

తిరిగొచ్చి చెబితే మస్తాన్ మేస్త్రి గడ్డి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. రమేష్ మాత్రం కారు వెనక్కి వెళ్ళి పొగగొట్టంలోకి వంగి చూశాడు. "ఆ నీలం పొగ డిజైను అనుకున్నాను బావగారూ" అన్నాడు.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా గుడికి చేరాం, ప్రమాణం రద్దని చెబుదామని. పూజారిగారు అప్పటికే కర్పూరం వెలిగించేశారు. "ప్రమాణానికని వెలిగించానండి. ఎవరో ఒకరు ఆర్పాలి. తొందరగా తేల్చండి, గుడి మూసెయ్యాలి" అన్నారు.

రమేష్ ముందుకొచ్చి, వెంకటేశ్వర్లు మొహం చూడలేక తల దించుకుని, "తప్పు నాది. ఇకనుంచి మూడో గేరు వెయ్యనిస్తాను" అని మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో మూశాడు. చుర్రుమంది. అంతా అయిపోయిందనుకున్నాం. వెంకటేశ్వర్లు కదల్లేదు.

"ఇంకో బిళ్ళ వెలిగించండి పంతులుగారూ. నేనూ ఆర్పుతాను."

"నీకెందుకయ్యా ఇప్పుడు?" అన్నాను.

"వారం నుంచి నిద్రలో కూడా ఈ చెయ్యి చాపుకునే ఉన్నానండి. తియ్యలేదని నా నోటితో ఒక్కసారి అనాలి."

అన్నాడు, ఆర్పాడు. నా కళ్ళు తడిశాయి. పొద్దున్న "నిజం చెప్పు" అన్నది నేనేనన్న సంగతి గుర్తొచ్చి తల పక్కకి తిప్పుకున్నాను.

రమేష్ ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయతో భోజనం చేసి, మూడున్నర బస్సుకి బయల్దేరాను. తిరువూరు వెళ్ళేవారికి నేను చెప్పగలిగేది కొంచెమే. పొద్దున్నే వెళ్ళండి, మైలవరంలో కాఫీ తాగకండి, బస్సులో పక్కావిడ చెప్పే మాట శ్రద్ధగా వినండి.

ఎ.కొండూరులో బస్సు ఆగినప్పుడు ఎర్ర కారు పక్కకి వచ్చి నిలబడింది. వచ్చిన చప్పుడే లేదు. బస్సులో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. లోపల రమేష్ మొహం చూస్తే చావు కబురు విన్నవాడిలా ఉన్నాడు. వెంకటేశ్వర్లు నన్ను చూసి కుడి చెయ్యి ఎత్తాడు. అరచేతిలో కర్పూరం మసి ఇంకా అలాగే ఉంది. ఆ చేత్తోనే స్టీరింగు పట్టుకుని, ఎడమ చేత్తో గేరు మార్చుకుంటూ సాగిపోయాడు.