భూదేవి స్పీడ్ బ్రేకర్

కోరుట్లలో తన ఇంటి గడప మీద, చాట ఒళ్లో పెట్టుకుని భూదేవి బీడీలు చుడుతుంది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. ఆ రోడ్డు మీదే వెనక గల్లీ సాగర్ ఆమె భర్త రాజలింగును బైకుతో గుద్ది, కాలు విరగ్గొట్టి, ఆగకుండా పోయాడు. ఆమె పోలీసుల దగ్గరికి పోలేదు. పక్కింటి స్లాబుకు మిగిలిన కాంక్రీటు తెచ్చి రోడ్డుకు అడ్డంగా జానెడెత్తు దిమ్మె పోసింది. గల్లీ అంతా లోకహితం అని మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి ఖర్చేముంది? భూదేవి లెక్క వేరు. దిమ్మెకు కొట్టుకున్న బండి వేగం పోతుంది గానీ, మీద కూర్చున్నవాడి వేగం పోదు. విసిరిన రాయిలా లేచి, వంపు తిరిగి పడతాడు. ఎక్కడ పడతాడో కూడా ఆమె చూసిపెట్టుకుంది: మురుగు మోరీ అంచు మీద.

నిన్న ఆమె కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చేసరికి సాగర్ బండి మూల తిరుగుతోంది, మంచి స్పీడు మీద. భూదేవి మోరీ అంచు వైపు చూసింది. వాడు దూరంనుంచే బ్రేకేసి, మెల్లగా దిమ్మె దాటి నవ్వాడు.

"మంచి పని చేసినవ్ పెద్దమ్మా. తెల్ల గీతలు గా మూలకెల్లే కనవడ్డయ్."

"గట్లనా కొడుకా," అంది.

గడపలో రాజలింగు కూర్చున్నాడు, చేతుల నిండా సున్నంతో. "నేనే దేక్కుంట పోయి గీసిన. ఇంకోని కాలు ఇరగొద్దని."

ఆమె బకెట్ నీళ్లూ చీపురూ తెచ్చి దిమ్మెను రుద్దసాగింది.

"ఏం కడుగుతున్నవే గింత ఎండల?"

"నీ పుణ్యం," అంది భూదేవి, తలెత్తకుండా.