గొంగడి మీద కూర్చున్న కెప్టెన్ బీరన్న

కట్టంగూర్ దగ్గర మా ఊళ్లో బీరన్నను అందరూ జనరల్ అంటారు. సైన్యం అతన్ని సిపాయి నుంచి సుబేదార్ దాకా ఒక్కో మెట్టూ ఎక్కించి, చివర్లో గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చి పంపింది. మిగిలిన ప్రమోషన్లన్నీ ఊరే ఇచ్చింది. పుట్టింది గొర్రెలు కాచే కురుమల ఇంట్లో. నల్లగొండలో సైన్యం భర్తీకి పరుగు పెట్టిన రోజు, ఆపమని ఈల వేసినా బీరన్న ఆగలేదట. తప్పించుకుపోయిన పొట్టేలు వెనక పరుగెత్తిన కాళ్లు మరి!

మంచుకొండల్లో ఉండగా అతనికి సేనా మెడల్ వచ్చింది. ఎందుకిచ్చారని తల్లి సోమమ్మ ఫోన్‌లో అడిగితే, "డ్యూటీ చేసిన, ఇచ్చిండ్రు" అన్నాడు. ఆ రెండు ముక్కలు ఆమెకు ఏ మూలకు? కొడుకు ఒక్కడే నిలబడి శత్రువులను తుపాకీతో కూల్చాడని నల్లా దగ్గర మొదలుపెట్టింది. కథ హుజూర్‌నగర్ దాకా వెళ్లి వచ్చేసరికి శత్రువులు రెట్టింపయ్యారు. మధ్యలో ట్యాంకు ఎవరు చేర్చారో నన్ను అడగొద్దు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు బీరన్న రిటైరై వచ్చాడు. తల్లి చెప్పిన కథ దారిలో ఆటో డ్రైవర్ నోటే విన్నాడు. కురుమ పెద్ద జానయ్య సన్మానం ఏర్పాటు చేసి, కులదైవం బీరప్ప గుడి ముందు నల్ల గొంగడి పరిచాడు. అక్కడే చిక్కొచ్చింది. గొంగడి మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడకూడదన్నది మా ఊరి కురుమల కట్టుబాటు. నిజం చెబితే ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగిన తల్లి ఊరి ముందు నవ్వులపాలవుతుంది.

"కూసో బిడ్డా," అన్నాడు జానయ్య. "ఎందర్ని కూలగొట్టినవో నీ నోట ఇననీ."

"నిలవడి చెప్త కాకా."

"గదేంది? మిలిట్రీల కూసునుడు మర్పించిండ్రా?" అంది పక్కింటి హనుమమ్మ. అందరూ నవ్వారు.

బీరన్న కూర్చున్నాడు. తల్లివైపు చూడలేదు.

"ఒక్క తూటా గూడ పేల్చలే కాకా. మంచు తుఫాను వచ్చింది. దారి కానరాలే. మావోళ్లు బెదిరి, వానకు గొర్లు ముడుసుకున్నట్టు ఒక్క దగ్గర ముడుసుకొని కూసున్నరు. గట్లనే ఉంటే పానాలు పోతుండె. ముందటోని రెక్క వట్టి గుంజిన. గొర్లను అదిలించినట్టు అరుసుకుంట నడిచిన. నా గొంతు ఇనుకుంట అందరు ఎనుక వచ్చిండ్రు. గంతే. గదేం భాషల ఆర్డరని మా పంజాబీ సాబ్ ఇప్పటికీ అడుగుతడు."

హనుమమ్మే ముందు తేరుకుంది.

"మరి ఆ తుపాకీ, ఆ ట్యాంకు ఏడవోయినయ్ సోమక్కా?"

సోమమ్మ కొంగు దోపుకుని లేచింది. "నేనేమన్న గొంగడి మీద కూసొని చెప్పిన్నా? నల్లా కాడ నిలవడి చెప్పిన!"

జానయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బీరన్నకు తెచ్చిన శాలువా తీసుకెళ్లి ఆమె భుజాల మీద కప్పాడు.

ఆ తర్వాతి వారం తల్లీకొడుకులు నల్లగొండ బస్సులో నాకు కనిపించారు. సోమమ్మ కథలో ఇప్పుడు తుపాకీ లేదు. మంచు ఎంత ఎత్తు పడిందమ్మా అని కండక్టర్ అడిగితే, బస్సు పైకప్పు చూపించి, ఇంకా మీదికి అంది. బీరన్న సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాదనలేదు.