వెల్డింగ్ మాస్టారు, ఒక జలాంతర్గామి

మా పక్కింటి వెల్డింగ్ మాస్టారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. ఏలూరు ఆసుపత్రి నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. నేనావిడని పిన్నిగారంటాను. సంగతి చెప్పి, మాస్టారు ఎప్పుడైనా ఆ ఫ్రెంచివాళ్ళ జలాంతర్గామిలో పనిచేశారా, మీకేమైనా చెప్పారా అని అడిగారు. దాని గురించి నాతో చదివించుకునేవారే తప్ప అలాంటిదేమీ చెప్పలేదన్నాను.

తాడేపల్లిగూడెం ఐటీఐలో ఆయన ఎన్నో ఏళ్ళు వెల్డింగ్ నేర్పారు. అతుకు పైకి నున్నగా ఉంటే చాలదండీ, లోపల పట్టాలి అనేవారు. రిటైరయి పెదపాడు వచ్చాక కలిదిండి, కైకలూరు చేపల చెరువుల నుంచి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు విరిగితే తెచ్చేవాళ్ళకి బాగుచేసి పెట్టేవారు. ఈ చుట్టుపక్కల ఏ చెరువులో తిరిగేదానికైనా ఆయన చెయ్యి తగిలే ఉంటుంది.

నేను ఇంగ్లీషు టీచర్ని. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చి ఫోన్ నా చేతికిచ్చేవారు. ఫ్రాన్సు అణు జలాంతర్గామి ఒకదాని చరిత్ర చదివి తెలుగులో చెప్పాలి. మరమ్మతుకి రేవులో ఉండగా దాని ముందు భాగం తగలబడింది. సర్వీసు అయిపోయిన మరో జలాంతర్గామి ముందు సగం కోసి దీనికి అతికారు. అది మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది. ఆ అతుకు కోసమే వింటున్నారనుకున్నాను. కానీ మంటల దగ్గరే ఆపేవారు.

"మనుషులకేమీ కాలేదు కదండీ?"

కాలేదనేదాన్ని. మళ్ళీ ఆదివారం అదే ప్రశ్న. ఒకసారి విసుక్కున్నాను కూడా. మరుసటి వారం ఆయన మామూలుగానే వచ్చారు.

సమాధి చేసే రోజున విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రెండు చేతులకీ మోచేతుల దాకా కాలిన మచ్చలు. వయసులో ఉండగా మాస్టారూ, ఆయనా ఓడల మరమ్మతులో పనిచేశారట. ఇద్దరూ వెల్డింగ్ చేస్తుంటే ఓడ లోపల మంటలు లేచి ఈయన చేతులు కాలాయట. ఇద్దరిలో ఎవరి దగ్గర లేచిన రవ్వో ఇప్పటికీ తెలియదన్నారు. ఆ నెలలోనే మాస్టారు పని మానేసి వచ్చేశారట. ఈయన ఉత్తరాలు రాస్తే జవాబివ్వలేదట.

"నా గురించి ఎప్పుడైనా అడిగారాండీ?"

పిన్నిగారు నావైపు చూశారు. ఈయన ఊసు మాస్టారి నోట నేనెన్నడూ వినలేదు.

"ప్రతి ఆదివారం అడిగేవారండీ" అన్నాను.

అది నిజమో అబద్ధమో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆ ప్రశ్న ఈయన కోసమేనా? విసుక్కున్న రోజు ఎందుకని అడిగి ఉంటే చెప్పేవారా?

మట్టి వేసే వంతు వచ్చినప్పుడు ఆ పెద్దాయన కాలిన వేళ్ళు ముడుచుకోలేదు. రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి మట్టి ఎత్తారు. సందుల్లోంచి అంతా రాలిపోతే, మళ్ళీ వంగారు.