ఆమెకు నేర్పిన తెలుగు

మా ఆయన పోయాక రైల్వే క్వార్టరు వదిలేసి, ఊళ్ళోనే ఇందా అనే పేటలో చిన్న ఇంట్లోకి మారాను. చుట్టూ బెంగాలీ వాళ్ళే. మంచివాళ్ళే. కానీ ఇంట్లో తెలుగు మాట వినిపించడం ఆగిపోయింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉన్నన్నాళ్ళూ గోడవతల నుంచి ఎవరో ఒకరు తెలుగులో పిలుస్తూనే ఉండేవారు.

ఇక్కడ వారానికోసారి తలుపు కొట్టేది మరమరాలమ్మే ఆవిడ ఒక్కతే. పల్లె నుంచి బస్సులో వచ్చేది. సొంత చేలో పండిన ధాన్యం, సొంత పొయ్యి మీద వేడి ఇసకలో వేపి తెచ్చేది. గుమ్మంలో బుట్ట దించి, టీ తాగి, కాసేపు కూర్చునేది. ఆ కాసేపటి కోసం వారమంతా చూసేదాన్ని.

ఒక ఏడాది ఆషాఢమంతా ఎండగానే పోయింది. నారుమడి ఎండిపోతే మళ్ళీ పోశారట. ఆలస్యంగా పండిన ఆ చేను కోసి, పనలు ఇంకా నేల మీద ఉండగానే తుఫాను వాన పట్టుకుంది.

"కంకుల్లోనే మొలకలొచ్చేశాయి దీదీ," అంది. "మా మామగారి రోజుల్లో కోతలప్పుడు మంచు తప్ప వాన ఎరగరట. ఇప్పుడు ఏటా ఏదో ఒకటి."

ఆ గింజలు వేపితే పొంగలేదు. కొన్నాళ్ళు మిల్లు మరమరాలు కొని తెచ్చి అమ్మింది. అవి కొలిచేటప్పుడు నా ముఖం చూసేది కాదు.

తర్వాత ఒకరోజు బుట్ట లేకుండా వచ్చింది.

"ఏటి, ఉత్తి చేతుల్తో వచ్చేవు?" అలవాటు కొద్దీ తెలుగులోనే అడిగేశాను.

"ఆ భాష నాకు నేర్పండి," అంది బెంగాలీలో. భర్తతో కలిసి గోదావరి వైపు వరినాట్లకి వెళ్తోందట. కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ అంతా మాట్లాడాడట.

"మా తాత కూడా పంటలు పోయి శ్రీకాకుళం నుంచి ఇటొచ్చాడు," అన్నాను.

"మళ్ళీ వెళ్ళాడా?"

"లేదు."

నీళ్ళు, అన్నం, ఒంట్లో బాగోలేదు, ఇంక చాలు... ఒక్కో మాటా చెప్పించాను. ఆ సాయంత్రం వెళ్తానంటే ఇంకో టీ పెట్టాను.

దుర్గాపూజ ముందు ఫోన్ చేసింది. "అక్కా, బాగున్నారా?" అని తెలుగులో మొదలుపెట్టి, బెంగాలీలోకి దిగిపోయింది. కోతలయ్యేదాకా అక్కడే ఉంటారట.

"మరి మీ చేను?"

"బీడు," అంది తెలుగులో.

అది నేను నేర్పిన మాట కాదు. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు. నేను మాత్రం సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, వచ్చే పోయే టోటో రిక్షాలు చూస్తుంటాను.